కార్బొరేటర్ నుంచి కంప్యూటర్ దాకా.. ఒక్క పాత ఇంజన్ చాలు

మీ ఇంటి ముందున్న బండి ఏ సంవత్సరం మోడల్? 2020 ఏప్రిల్‌కు ముందు కొన్నదైతే పెట్రోలు ట్యాంకు కింద చిన్న నాబ్ ఉంటుంది. ఆన్, ఆఫ్, రిజర్వ్. దగ్గర్లోనే చోక్. ఆ తర్వాత కొన్న బండ్లలో చాలావాటికి ఈ రెండూ కనిపించవు. తాళంచెవి తిప్పగానే ట్యాంకులోంచి ఒకటి రెండు క్షణాలు సన్నగా చప్పుడు వస్తుంది. అది పెట్రోలు పంపు. మీ నాన్నగారు రిజర్వ్‌లో పడ్డ బండిని నాబ్ తిప్పి బంకు దాకా తెచ్చేవారు. ఇప్పుడు ఆ పని మీటర్‌లోని లైటు చేస్తోంది.

చూడటానికి చిన్న తేడానే. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మెకానికల్, ఆటోమొబైల్ డిప్లొమా, బీటెక్, ఐటీఐ చదువుతూ 'మన బ్రాంచ్‌కు జాబులెక్కడివి సార్' అని నిట్టూర్చే పిల్లలు ముందు చూడాల్సింది ఈ తేడానే అని నా అభిప్రాయం. కార్బొరేటర్ ఉన్న పాత ఇంజన్‌ను ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు, అంటే ఈఎఫ్ఐకి మార్చడం. ఈ ఒక్క పని మీ చేతులతో మీరు పూర్తిచేస్తే ఫైనలియర్‌లో చేసే మిగతా ప్రాజెక్టులన్నీ దాని ముందు దిగదుడుపే.

ఈ పని కొత్తదేం కాదు. అమెరికాలో 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవో లాంటి కార్లను మజిల్ కార్లంటారు. పెద్ద వీ8 ఇంజన్, దాని మీద కుండంత కార్బొరేటర్. అభిమానులు వాటిని ఇప్పటికీ బిడ్డల్లా చూసుకుంటారు. కానీ చలికాలం పొద్దున స్టార్ట్ కావు, ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగిపోతాయి, పెట్రోలు తాగుతాయి. అందుకే చాలామంది కార్బొరేటర్ తీసేసి, అదే నాలుగు బోల్టుల మీద ఇంజెక్టర్లున్న త్రోటిల్ బాడీ బిగించుకుంటున్నారు. పక్కన చిన్న కంప్యూటర్, ట్యాంకులో కొత్త పంపు. తమాషా ఏమిటంటే, ఆ కార్లకు కార్బొరేటర్లు చేసి పేరు తెచ్చుకున్న హోలీ కంపెనీయే ఇవాళ వాటిని పీకేసి పెట్టుకునే ఈఎఫ్ఐ కిట్లూ అమ్ముతోంది. తన పాత సరుకుకు తానే పోటీ పెట్టుకుంది!

మన దేశంలో మజిల్ కారు అని ముద్దుగా పిలుచుకునేది కాంటెస్సాను. హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 దాకా తయారుచేసింది. మొదట 1.5 లీటర్ల ఇంజన్, తర్వాత ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజన్. పొడుగాటి బానెట్, వెనక సోఫా లాంటి సీటు. పాత కార్ల మీద మోజున్నవాళ్లు దాన్ని వెతికి కొనుక్కొని, సొగసు చెడకుండా లోపల కొత్త టెక్నాలజీ పెట్టించుకోవాలని చూస్తుంటారు.

'నల్లగొండలో మజిల్ కారు ఎక్కడ దొరుకుతుంది సార్?' అనే కదా మీ ప్రశ్న. దొరకదు, అవసరమూ లేదు. మీకు కావాల్సింది మారుతి 800.

ఒకే ఇంజన్, రెండు అవతారాలు

మారుతి 800 కారు 1983 చివర్లో రోడ్డెక్కింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బొరేటర్. దశాబ్దంన్నర తర్వాత కాలుష్య నిబంధనలు బిగియడంతో అదే సైజు ఇంజన్ ఎంపీఎఫ్ఐగా, అంటే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్‌తో వచ్చింది. 2014లో తయారీ ఆగిపోయింది. ఓమ్ని వ్యాన్‌దీ ఇదే కథ. అంటే కంపెనీ ఇంజనీర్లు ఒకప్పుడు చేసిన మార్పును మీరు పాత సామానుతో మళ్లీ చేసి చూడొచ్చు. కార్బొరేటర్ ఇంజన్ ఒకటి, తుక్కుకు పోయిన ఎంపీఎఫ్ఐ బండి నుంచి తీసిన ఇన్‌టేక్ మానిఫోల్డ్, త్రోటిల్ బాడీ, ఇంజెక్టర్లు, సెన్సర్లు, ఈసీయూ, వైరింగ్ కిట్టు. ఏదైనా దొరక్కపోతే హైదరాబాద్ రాణిగంజ్ వెళ్లండి. ఎలక్ట్రానిక్ సామాను అయితే కోఠి గుజరాతీ గల్లీ. ఒక్కటి గుర్తుంచుకోండి. బిగించే ముందు పాత, కొత్త మానిఫోల్డ్‌ల బోల్టు రంధ్రాలు, గ్యాస్కెట్లు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. 'ఒకే ఇంజన్' అని దుకాణం అతను చెప్పినంత మాత్రాన అన్నీ కూర్చోవు.

ఇక అసలు విషయం. కార్బొరేటర్ ఎలా పనిచేస్తుందో మీ లాబ్‌లో ఎరుపు, ఆకుపచ్చ రంగులు పూసిన కట్ సెక్షన్ మోడల్ చూసే ఉంటారు. దాన్ని చూసి బొమ్మ గీసి, సీనియర్ రికార్డులోంచి నాలుగు పాయింట్లు ఎక్కించి, సంతకం చేయించుకొని ఉంటారు. సన్నటి గొంతులోంచి గాలి వేగంగా పోతే అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల జెట్‌లోంచి పెట్రోలును పైకి లాగుతుంది. బెర్నౌలీ సూత్రం. కరెంటు లేదు, వైరు లేదు. నిజంగా అందమైన యంత్రం అది. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు చిరాకు.

అయితే దానికి కళ్లు లేవు. డిసెంబరు పొద్దున 15 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలు అనుకోండి. అంతే పరిమాణం గాలి మే నెలలో దాదాపు 9 శాతం తక్కువ బరువు తూగుతుంది. జెట్ రంధ్రం మాత్రం అదే. అందుకే మన ఉస్తాదులు చలికాలం ఒక స్క్రూ సెట్టింగు, ఎండాకాలం ఇంకో సెట్టింగు పెడతారు. ఇంకో తంటా కూడా ఉంది. ఎండాకాలం పాత అంబాసిడర్ డ్రైవర్లు బానెట్ ఎత్తి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేవారు. ఇంజన్ వేడికి పంపులో, పైపులో పెట్రోలు ఆవిరైపోయి ధార తెగిపోయేది. దాన్నే వేపర్ లాక్ అంటారు. ఈఎఫ్ఐలో పంపు ట్యాంకు లోపలే ఉండి, పెట్రోలును దాదాపు 3 బార్ ఒత్తిడితో ముందుకు నెడుతుంది. ఒత్తిడిలో ఉన్న పెట్రోలు అంత తొందరగా మరగదు. తడిగుడ్డ పని పోయింది.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం, పెన్ను తీయండి. 796 సీసీని మూడుతో భాగిస్తే ఒక్కో సిలిండర్ 265 సీసీ. 45 డిగ్రీల వేడిలో లీటరు గాలి సుమారు 1.1 గ్రాములు. అంటే సిలిండర్ పూర్తిగా నిండితే 0.29 గ్రాముల గాలి. పెట్రోలు శుభ్రంగా మండాలంటే 14.7 భాగాల గాలికి ఒక భాగం పెట్రోలు కావాలి. భాగించండి. 20 మిల్లీగ్రాములు! మిర్యాలగూడ మిల్లులోంచి వచ్చే ఒక బియ్యం గింజ బరువుకు అటూ ఇటూ. ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌కు ప్రతి 40 మిల్లీసెకన్లకు ఒకసారి ఆ గింజంత పెట్రోలును కొలిచి పోయాలి. సగమే యాక్సిలరేటర్ నొక్కితే సగం గింజ. ఈసీయూ చేసేది ఈ లెక్కే, ఆపకుండా. ఎంత గాలి వస్తోందో మ్యాప్ సెన్సర్ చెబుతుంది, గాలి ఎంత వేడిగా ఉందో ఒక సెన్సర్, ఇంజన్ ఎంత వేడెక్కిందో ఇంకొకటి, యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందో మరొకటి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ 'పెట్రోలు ఎక్కువైంది, తక్కువైంది' అని తిరిగి రిపోర్టు పంపుతుంది.

ఇంజెక్టర్ ఎంతది కావాలో కూడా ఇలాగే తేలుతుంది. 37 హార్స్‌పవర్ ఇంజన్ అనుకుందాం. ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు అర పౌండు పెట్రోలు లెక్కన 18.5 పౌండ్లు. మూడు ఇంజెక్టర్లు. పూర్తిగా తెరిచి ఉంచకుండా 80 శాతం వరకే వాడాలి. అంటే ఒక్కోటి గంటకు 7.7 పౌండ్లు, మన లెక్కలో నిమిషానికి 81 సీసీ. ఇంటర్వ్యూలో 'ఇంజెక్టర్ సైజు ఎలా ఎంచుకున్నావ్?' అని అడిగితే తెల్లకాగితం మీద ఈ నాలుగు లైన్లు రాసి చూపించే కుర్రాడిని ఎవరైనా మర్చిపోతారా?

కొనుక్కొచ్చిన ప్రాజెక్టు ఎవరి కోసం?

ఇక్కడ కొంచెం ఘాటుగానే చెప్పాలి. ఫైనలియర్ రాగానే బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి, నలుగురూ డబ్బులు వేసుకొని, రెడీమేడ్ ప్రాజెక్టు అట్టపెట్టెలో పెట్టుకొని రావడం మన దగ్గర ఆనవాయితీ అయింది. రిపోర్టు బైండింగ్‌తో సహా ఇస్తారు. వైవా ప్రశ్నలూ ఇస్తారు. అందరికీ తెలుసు. మీకు తెలుసు, సార్లకు తెలుసు, రేపు ఇంటర్వ్యూలో మీ ఎదురుగా కూర్చునే మనిషికి అందరికంటే బాగా తెలుసు. ఆయన అడిగేది ఒక్కటే ప్రశ్న. 'ఇందులో ఏం పాడైంది? ఎలా బాగుచేశారు?' అట్టపెట్టె ప్రాజెక్టుకు ఆ ప్రశ్నకు జవాబుండదు.

ఈఎఫ్ఐ మార్పిడిలో పాడవనిదంటూ ఉండదు. ముందు స్టార్టే కాదు. సిగ్నల్ రావట్లేదా, స్పార్క్ లేదా, పంపు తిరగట్లేదా? మల్టీమీటర్ పట్టుకొని ఒక్కో వైరూ చూసుకుంటూ పోవాలి. నూటికి తొంభైసార్లు అది ఎర్త్ వైరే అని పాత ఎలక్ట్రీషియన్లు అంటారు, నేను కాదనను. తర్వాత స్టార్ట్ అయి, వెంటనే ఆగిపోతుంది. తర్వాత నిలబడుతుంది గానీ నల్లపొగ. అదయ్యాక రేస్ చేస్తే దగ్గుతుంది. ఒక్కో దానికి ఒక్కో కారణం, ఒక్కో రాత్రి. ఆ రాత్రులే మీ రెజ్యూమె.

కంపెనీ ఈసీయూ దొరక్కపోయినా, దానికి తాళంచెవి చిప్‌తో ముడి ఉండి మొరాయించినా ఇంకో దారి ఉంది. స్పీడుయినో అని ఓపెన్ సోర్స్ ఈసీయూ ఉంది. మీ ఈసీఈ స్నేహితులు లైన్ ఫాలోవర్ రోబోలు చేసే ఆర్డుయినో మెగా బోర్డు మీదే నడుస్తుంది. ట్యూనర్‌స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ల్యాప్‌టాప్‌లో వేసుకుంటే ఇంజన్ గుండె చప్పుడు తెరమీద కనిపిస్తుంది. అక్కడ ఒక పట్టిక ఉంటుంది. అడ్డంగా ఆర్‌పీఎం, నిలువుగా గాలి ఒత్తిడి, గడుల్లో అంకెలు. ఆ అంకెలు మార్చడమే ట్యూనింగ్. స్క్రూడ్రైవర్‌తో పావు తిప్పు, అర తిప్పు అనే ఉస్తాద్ విద్య ఇప్పుడు అంకెల్లోకి వచ్చిందన్నమాట. కాకపోతే అంకె మార్చాక ఇంజన్ చప్పుడు ఎలా మారిందో వినాల్సింది మాత్రం చెవితోనే.

అందుకే ఈ పని ఒక్క మెకానికల్ వాళ్లతో కాదు. ఇద్దరు మెకానికల్, ఒక ఈసీఈ, ఒక ఈఈఈ కలవండి. బ్రాంచులు వేరని కాలేజీ ఒప్పుకోకపోతే హెచ్‌వోడీ గారి దగ్గరికి నలుగురూ కలిసి వెళ్లి అడగండి. ఇంకో మాట. అమ్మాయిలు మెకానికల్ తీసుకుంటే 'స్పానర్ తిప్పగలవా?' అని వెటకారం చేసే సార్లు ఇంకా ఉన్నారు. ఈ పనిలో సగానికి పైగా మల్టీమీటర్, ల్యాప్‌టాప్, ఓపిక. వెటకారానికి ఇక్కడ చోటు లేదు.

వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ ఉంది. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. మంచిదే. కానీ కోట్ల రూపాయల మిషన్ అద్దాల గదిలో ఉంటే దాని మీద చెయ్యి వేయనిచ్చేది ఎందరిని? తుక్కు ఇంజన్‌కు ఆ భయం లేదు. కాలిపోయినా ఎవరూ మెమో ఇవ్వరు. ప్రతి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో రెండు పాత ఇంజన్లు, నాలుగు మల్టీమీటర్లు, ఒక ల్యాప్‌టాప్ పెట్టి, శనివారం మధ్యాహ్నం లాబ్ తాళం తీసి ఉంచితే చాలు. ఇది చేయడానికి జీవో కూడా అక్కర్లేదు, ఒక లెక్చరర్ గట్టిగా అనుకుంటే అయిపోతుంది.

గడియారం సెంటర్‌లో జరిగిన మార్పు

మళ్లీ 2020కి వద్దాం. బీఎస్-4 బండ్లను 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులోనే తేల్చిచెప్పింది. బీఎస్-6 నిబంధనల్లో 'కార్బొరేటర్ వద్దు' అని ఎక్కడా రాసిలేదు. కానీ పొగ మీద పెట్టిన పరిమితులు చూస్తే మామూలు కార్బొరేటర్‌తో అందుకోవడం కష్టం. ఒకటీ అరా మోడళ్లు ఎలక్ట్రానిక్ కార్బొరేటర్‌తో నెట్టుకొచ్చాయి, మిగతావన్నీ ఇంజెక్షన్‌కు మారాయి. గ్లామర్ బండిలో 2006లోనే ఇంజెక్షన్ వచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500కు 2009లోనే వచ్చింది. అదే కంపెనీ క్లాసిక్ 350 మాత్రం 2020 దాకా కార్బొరేటర్‌తోనే తిరిగింది. అంటే టెక్నాలజీ తలుపు దగ్గర ఎప్పుడో నిలబడింది. లోపలికి తోసింది చట్టం. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశ కూడా వచ్చింది. బండి తన రోగాన్ని తానే పసిగట్టి చెప్పే ఓబీడీ-2 తప్పనిసరైంది.

అమెరికాలో ఒక్కో మజిల్ కారు యజమాని గ్యారేజీలో ఇష్టపడి చేసుకున్న మార్పు మన దేశంలో ఒక తేదీ పెట్టి అందరికీ జరిగిందన్నమాట. కంపెనీలు సిద్ధమయ్యాయి, షోరూములు సిద్ధమయ్యాయి. రోడ్డుపక్క షెడ్డు సిద్ధం కాలేదు. నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల, మహబూబ్‌నగర్‌లో, జడ్చర్ల చౌరస్తాలో, సూర్యాపేట హైవే పక్కన షెడ్లు పెట్టుకున్న ఉస్తాదులు చప్పుడు విని జబ్బు చెప్పగలిగినవాళ్లు. ఇవాళ మీటర్‌లో పసుప్పచ్చ ఇంజన్ గుర్తు వెలిగితే చాలామంది 'షోరూముకు తీసుకుపో అన్నా' అని పంపేస్తున్నారు. బ్యాటరీ డౌనైతే పంపు తిరగదు, ఎన్ని కిక్కులు కొట్టినా లాభం లేదు. ప్రెషర్ నీళ్లతో కడిగితే కనెక్టర్‌లో తేమ చేరి సెన్సర్ అబద్ధం చెబుతుంది. పెట్రోలు అడుగంటే దాకా తిప్పే అలవాటుంటే, పెట్రోలులో మునిగి చల్లబడాల్సిన పంపు వేడెక్కి పాడవుతుంది. ఇవి పెద్ద రహస్యాలేం కాదు. కానీ చెప్పేవాళ్లు కావాలి.

ఆ చెప్పేవాళ్లు మీరే కావచ్చు. ఉస్తాద్‌కు చెవి ఉంది, మీకు చదువు ఉంది. సెలవుల్లో ఆయన షెడ్డుకు వెళ్లండి. మీరు స్కానర్ చదవడం చూపించండి, ఆయన దగ్గర వాల్వ్ చప్పుడు గుర్తుపట్టడం నేర్చుకోండి. 'బీటెక్ చదివి షెడ్డుకు పోతావా?' అని ఇంట్లో అంటారు, బంధువులు ఇంకా ఎక్కువ అంటారు. అననివ్వండి. నెలరోజులు పోతే వాళ్ల బండ్లు కూడా మీ దగ్గరికే వస్తాయి.

ఇంకో కొత్త తలనొప్పి కూడా మీకు అవకాశమే. బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు. ఇథనాల్‌కు గాలి తక్కువ చాలు, 9 భాగాలు. కలిపి లెక్కేస్తే ఈ20కి 13.5 భాగాల దగ్గర తేలుతుంది. పెట్రోలుకు సరిపెట్టిన కార్బొరేటర్ జెట్‌తో ఇది పోస్తే మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, పికప్ పడిపోతుంది. పాత రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బే ప్రమాదం వేరే. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఈఎఫ్ఐ అయితే తేడాను గమనించి కొంతమేర తానే సర్దుకుంటుంది. 'ఈ పెట్రోలు వచ్చినకాన్నుంచి బండి తేడాగా ఉంది' అని వచ్చే పెద్దాయనకు కారణం వివరించి, పైపు మార్చి, జెట్ సరిచేసి పంపగలిగితే మీ షెడ్డుకు బోర్డు అక్కర్లేదు.

'రేపంతా ఎలక్ట్రిక్ కదా?'

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల లిథియం బ్యాటరీల గిగా ఫ్యాక్టరీ వస్తుంటే ఇంకా పెట్రోలు ఇంజన్ ఎందుకు అంటారు. సబబైన ప్రశ్నే. నా జవాబు రెండు ముక్కల్లో. నిన్న షోరూము నుంచి బయటికొచ్చిన పెట్రోలు బండికి 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ ఉంది. అది అన్నేళ్లూ ఎవరో ఒకరి చేతికి రిపేరుకు రావాల్సిందే. రెండోది, ఈఎఫ్ఐ చేస్తూ మీరు నేర్చుకునేదాంట్లో పెట్రోలు భాగం తక్కువ. సెన్సర్ వోల్టేజీ చదవడం, వైరింగ్ బొమ్మ అర్థం చేసుకోవడం, కంట్రోలర్‌లో అంకెలు సరిచేయడం, డేటా లాగ్ చూసి తప్పు పట్టుకోవడం. ఎలక్ట్రిక్ బండిలో ఇవన్నీ ఉంటాయి, పంపూ ఇంజెక్టరూ మాత్రమే ఉండవు. ఈఎఫ్ఐ తెలిసినవాడు ఎలక్ట్రిక్‌లోకి మెట్టు దిగినట్టు పోతాడు. రెండూ తెలియనివాడే రెండింటి గురించీ వాదిస్తాడు.

ఉద్యోగాలెక్కడ అంటే, ఊళ్లోని షోరూము సర్వీస్ సెంటర్‌లో డయాగ్నొస్టిక్ టెక్నీషియన్‌తో మొదలవుతాయి. ఐటీఐ, డిప్లొమా వాళ్లకు అప్రెంటిస్‌షిప్ దారి ఉంది. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు ఉంది. హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజనీరింగ్ సెంటర్, జెడ్ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఉన్నాయి. పుణె, చెన్నై, బెంగళూరు కంపెనీల్లో క్యాలిబ్రేషన్ ఇంజనీర్ అనే కొలువు ఉంటుంది. ఇందాక చెప్పిన పట్టికలో అంకెలు నింపడమే వాళ్ల పని. 'మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కు పోవాలా?' అని ఊగిసలాడే వాళ్లకు ఈ కొలువు గురించి కాలేజీలో ఒక్కరైనా చెప్పారా? నాకు తెలిసి చాలామంది పేరు కూడా వినలేదు.

చట్టం మాట మర్చిపోవద్దు. రోడ్డు మీద తిరిగే బండికి ఇష్టమొచ్చినట్టు ఇంజన్ భాగాలు మార్చడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్వరూపానికి భిన్నమైన మార్పులను అడ్డుకుంటుంది. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకు యజమానికి 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అందుకే బాబాయి ఓమ్నిని ప్రయోగశాల చేయకండి. ఇనుప స్టాండ్ మీద బిగించిన ఇంజన్ అయితే ఎవరూ అడగరు. ఎవరైనా కాంటెస్సా తెచ్చి చేయమంటే ముందు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి అనుమతి సంగతి రాతపూర్వకంగా తేల్చుకోమని చెప్పండి.

భద్రత ఇంకా ముఖ్యం. కార్బొరేటర్ పైపు లీకైతే చుక్కలు పడతాయి. ఈఎఫ్ఐ పైపు ఊడితే 3 బార్ ఒత్తిడితో పెట్రోలు చిమ్ముతుంది, వేడి సైలెన్సర్ పక్కనే ఉంటుంది. మామూలు రబ్బరు గొట్టం, ప్లాస్టిక్ గొట్టం పెట్టనే పెట్టొద్దు. ఇంజెక్షన్‌కు తగ్గ గొట్టం, దానికి తగ్గ క్లిప్పులు. ఇంజన్ ఆగితే పంపు దానంతటదే ఆగేలా రిలే. ఆరుబయట లేదా తలుపులన్నీ తీసిన షెడ్డు. చేతికందేంత దూరంలో మంటలార్పే సిలిండర్. ఇవి లేకుండా ఒక్కసారి కూడా తాళం తిప్పొద్దు. మిగతా ఎక్కడైనా పొదుపు చేయండి, గొట్టం దగ్గర చేయొద్దు.

మొదలుపెట్టేటప్పుడు కార్బొరేటర్ తీయకండి. ముందు దానితోనే ఇంజన్ బాగా నడిచేలా చేయండి. కంప్రెషన్ చూడండి, ప్లగ్గులు మార్చండి, ఐడిల్ నిలబెట్టండి. వీలైతే పొగలో సీవో ఎంతుందో కొలిపించి నోట్‌బుక్‌లో తేదీతో రాసుకోండి. జబ్బు ఇంజన్‌కు ఈఎఫ్ఐ పెడితే తప్పు ఇంజన్‌దో మీ వైరింగ్‌దో నెలరోజులు తేలదు. ఆ కొలతలు పూర్తయ్యాకే పాత కార్బొరేటర్ విప్పండి. విప్పాక పారేయకుండా కిరోసిన్‌తో కడిగి, జెట్లూ నీడిలూ ఫ్లోటూ వరసగా పేర్చి ఫొటో తీసి పెట్టుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్‌తో పాటు దాన్ని కూడా సంచిలో వేసుకెళ్లండి.